ఏ వాక్స్ కొనాలి?

ఆదివారం, రాత్రి

పొద్దున కారు కడిగాక చూస్తే బానెట్ మీద నీళ్లు గుండ్రంగా చుక్కలు కట్టడం మానేసి పల్చగా పరుచుకుపోయాయి. మురికి పేరుకున్నా ఇలాగే అవుతుంది కాబట్టి షాంపూతో ఇంకోసారి కడిగి చూశాను. అదే వరస. అంటే పెయింట్‌ని కాపాడ్డానికి రాసిన వాక్స్ అక్కడ పోయినట్టే. డోర్ల మీద మాత్రం చుక్కలు ఇంకా బాగానే నిలబడుతున్నాయి. వాక్స్ పూత అన్నిచోట్లా ఒకేసారి పోదు. ఎండ నేరుగా పడే బానెట్, టాప్ ముందు ఖాళీ అవుతాయి. డబ్బా మీద రాసే "ఆరు నెలలు" కారులో ఏ భాగం గురించో ఎవరూ రాయరు మరి.

పాత డబ్బా అడుగంటింది. అది పేస్ట్ వాక్స్, కార్నౌబా రకం. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పట్టే మైనం ఈ కార్నౌబా. ఆకులో నీరు ఎండకి ఆవిరైపోకుండా ఆ చెట్టు చేసుకున్న ఏర్పాటు. ఆకులు ఎండబెట్టి, దులిపి దాన్ని తీస్తారు. సహజంగా దొరికే మైనాల్లో బాగా గట్టిది, 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే గానీ కరగదు. అంత గట్టిదాన్ని నేరుగా కారుకి రాయడం కుదరదు కాబట్టి నూనెలు, సాల్వెంట్లు, మెత్తటి మైనాలు కలుపుతారు. అందుకే "వంద శాతం కార్నౌబా" అని లేబుల్ మీద చూసి డబ్బా నిండా అదే ఉందనుకోకూడదు.

ఆ పేస్ట్ వాక్స్ అంటే నాకు ఇష్టమే. ముదురు రంగు కారు మీద అది ఇచ్చే లోతైన మెరుపు వేరే వాటికి రాదని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ బయట నిలిపే కారు మీద నెలన్నర, మహా అయితే రెండు నెలలు. వేయడం కూడా ఒక పూట పని. స్పాంజితో పల్చగా రాయాలి, మసకగా ఆరే దాకా ఆగాలి, వేలితో గీసి చూసి కింద పెయింట్ శుభ్రంగా కనపడితే అప్పుడు తుడవాలి. కాస్త మందంగా రాసినా, పెయింట్ వేడిగా ఉన్నప్పుడు రాసినా పట్టేసుకుని చేతులు పడిపోతాయి. నల్ల ప్లాస్టిక్ భాగాలకి తగిలిందా, ఆ తెల్లమరకలు ఓ పట్టాన వదలవు.

మధ్యాహ్నం ఫోన్‌లో ఒక్కో రకం వివరాలు చదువుతూ కూర్చుంటే మా అమ్మాయి వచ్చి తొంగి చూసింది. "నాన్నా, ఎన్నాళ్లు నిలుస్తుందో తర్వాత చూద్దువుగానీ, ఆ డబ్బా మూత తియ్యడానికే నీకు బద్ధకం కదా" అంది. నవ్వొచ్చింది గానీ లెక్క మారిపోయింది. రెండు నెలలకోసారి వేయాల్సిన దాన్ని ఆరు నెలలకోసారి వేస్తే, మధ్యలో నాలుగు నెలలు కారు మీద ఏమీ లేనట్టే.

అలా చూసుకుంటూ వెళ్తే కొన్ని వాటంతటవే పక్కకి పోయాయి. క్లీనర్ వాక్స్‌లో సన్నగా అరగదీసే పొడి ఉంటుంది. పాత మరకలు పోతాయి నిజమే, కానీ రంగు పైనుండే పారదర్శకమైన పొర, అదే క్లియర్ కోట్, దాని మందమే సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందం కూడా ఉండదు. దాన్ని ఊరికే అరగదీసుకోవడం ఎందుకు? అసలు సిరామిక్ కోటింగ్, అంటే పెయింట్‌కి అతుక్కుని గట్టిపడే పూత అయితే ఏళ్లు నిలుస్తుంది. దానికి ముందు పెయింట్ మీది సన్నగీతలన్నీ పాలిష్ చేయించాలి, లేకపోతే అవి ఆ పూత కింద అలాగే ఉండిపోతాయి. పూత వేసేటప్పుడు ఎక్కడైనా చారలు మిగిలి గట్టిపడితే మళ్లీ పాలిష్ పట్టి తీయాల్సిందే. ఇంట్లో కూర్చుని చేసుకునేవాడికి అంత టెన్షన్ అక్కర్లేదు.

స్ప్రే వాక్స్ సంగతి దీనికి పూర్తిగా రివర్స్. కడిగాక తుడుచుకునేటప్పుడే కొట్టి తుడిచేస్తే పదినిమిషాల్లో పని పూర్తి, కాకపోతే కొన్ని వారాలే ఉంటుంది. సిలికా కలిపిన సిరామిక్ స్ప్రేలు దీనికంటే నయం, రెండు మూడు నెలలు లాగుతాయి. ఎక్కువ కొడితే మాత్రం చారలు పడతాయి.

మిగిలింది లిక్విడ్ సీలెంట్. ఇందులో చెట్టు మైనం బదులు ఫ్యాక్టరీలో తయారైన పాలిమర్లు ఉంటాయి. నాలుగు నుంచి ఆరు నెలలు ఉంటుందంటారు. పక్కింటాయన దగ్గర ఒక బాటిల్ ఉంటే "కొంచెం ఇవ్వండి, డిక్కీ మీద వేసి చూస్తాను" అని అడిగి తెచ్చుకున్నాను. డిక్కీ మధ్యలో టేప్ అతికించి ఒక పక్క అడుగంటిన పేస్ట్, ఇంకో పక్క సీలెంట్ రాశాను. తుడిచేటప్పుడు తేడా చేతికే తెలిసింది. సీలెంట్ వైపు గుడ్డ జారిపోయింది, పేస్ట్ వైపు మోచెయ్యి పనిచేయాల్సి వచ్చింది. మెరుపులో పేస్టుదే పైచేయి, కానీ టేప్ తీసేసి నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూస్తే ఏ పక్క ఏదో పోల్చలేకపోయాను.

సీలెంట్‌తో ఒక్కటే ఇబ్బంది. చాలావాటికి వేశాక కొన్ని గంటలు తడి తగలకూడదు. వాన వచ్చేలా ఉన్న రోజు ముట్టుకోకూడదు, అంతే.

కాబట్టి సీలెంట్ ఏడాదికి రెండుసార్లు, బానెట్‌కీ టాప్‌కీ మాత్రం రెండు పూతలు. మధ్యలో కడిగినప్పుడల్లా ఏదో ఒక స్ప్రే. అంట్లు తోమే లిక్విడ్‌తో కారు కడిగే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే మానేయాలి, అది ఉన్న వాక్స్‌ని ఊడ్చేస్తుంది. ఆర్డర్ పెట్టేశాను. పనిలో పనిగా కొత్త మైక్రోఫైబర్ గుడ్డలు కూడా. వీటిని ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకుండా, మిగతా బట్టలతో కలపకుండా ఉతకాలని వాషింగ్ మెషీన్ మీద చీటీ అంటించాను. ఎవరు చదువుతారో చూడాలి.