ఇనుము లేని సీసా కోసం: నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు అనుభవం

విశాఖ తీరంలో ఫిబ్రవరి, మార్చి నెలల నుంచి నైరుతి గాలి ఒడ్డు వెంబడి వీస్తూ పైనీటిని లోసముద్రానికి నెట్టేస్తుంది, ఆ ఖాళీలోకి అడుగున ఉన్న చల్లని నీరు నైట్రేటు అనే పోషకాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. అప్‌వెల్లింగ్ అని పిలిచే ఈ ప్రక్రియను 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా శాస్త్రవేత్త ఈ.సి. లాఫాండ్ ఈ తీరంలోనే పరిశీలించారు. ఆ నీటిలో ఇనుము లభ్యత మారితే ఏ వృక్షప్లవకాలు (నీటిలో తేలే మొక్కల్లాంటి సూక్ష్మజీవులు) పైచేయి సాధిస్తాయన్నది నేను ఎంచుకున్న ప్రశ్న.

ఈ ప్రశ్న పుట్టింది కాలిఫోర్నియా తీరంలో. నైట్రేటు పుష్కలంగా ఉన్నా, సిలికాతో గాజులాంటి పెంకు కట్టుకునే వృక్షప్లవకాలైన డయాటమ్‌లు ఎదగని చోట్లు అక్కడ ఉన్నాయని, కారణం ఇనుము చాలకపోవడమేనని శాస్త్రవేత్తలు హచిన్స్, బ్రూలాండ్ 1998లో చూపించారు. నైట్రేటును అమ్మోనియంగా మార్చుకోవడానికి కణానికి ఎనిమిది ఎలక్ట్రాన్లు కావాలి, ఆ పని చేసే ఎంజైములలో ఇనుము ఉంటుంది. అది చాలనప్పుడు డయాటమ్ తీసుకునే నైట్రేటుతో పోలిస్తే సిలికా వాటా పెరుగుతుంది, కాబట్టి నీటిలో సిలికా ముందే అయిపోయి నైట్రేటు మిగిలిపోతుంది. ఖండతీరపు అంచు (ఒడ్డును ఆనుకున్న లోతు తక్కువ సముద్రగర్భం) వెడల్పుగా ఉండి, చలికాలపు వరదల్లో నదులు తెచ్చిన మట్టి అడుగున పేరుకున్న చోట పైకి వచ్చే నీరు ఇనుమునూ మోసుకొస్తుంది. కాలిఫోర్నియాలోని బిగ్ సర్ వంటి ఇరుకు అంచుల దగ్గర ఆ అవకాశం తక్కువ.

సముద్రపు నీటిని సీసాల్లో పట్టి చేసే ఈ ప్రయోగంలో ఇనుము కలపడం చిటికెలో పని, కలపని సీసాలోకి అది చొరబడకుండా ఆపడమే అసలు శ్రమ. లోసముద్రపు పైనీటిలో ఇనుము లీటరుకు ఒక నానోమోల్ కూడా ఉండకపోవచ్చు, అంటే గ్రాములో కోటో వంతుకు సగం పైచిలుకు. బైలదిల్లా ఇనుప ఖనిజం ఓడలకెక్కే ఊళ్లో కూర్చుని ఇంత సూక్ష్మపు లెక్క వేయాలి. పాలికార్బొనేట్ సీసాలను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టి, అతిశుద్ధ జలంతో పదేపదే కడిగి, పాలిథిన్ సంచుల్లో కట్టి తీసుకెళ్లేవాళ్లం. పడవలో చేతి గాజులు, గడియారం తీసేసి, గ్లౌజులు తొడుక్కుని, గాలికి ఎదురుగా ముందు కొమ్ము నుంచి ప్లాస్టిక్ గొట్టంతో నీరు తోడేవాళ్లం. ఇదంతా చూసిన సరంగు, “ఊరంతా ఇనుం పొడే కదమ్మా, సంద్రంలో లేదంటారేటి?” అని అడిగాడు. అతని అనుమానంలో పస ఉందని తర్వాత తేలింది.

సీసాలు నాలుగు రకాలు: ఏమీ కలపనివి, ఇనుము కలిపినవి, నైట్రేటు కలిపినవి, డెస్ఫెరాక్సమిన్ కలిపినవి. ఈ చివరిది తలసీమియా రోగుల శరీరంలో పేరుకున్న ఇనుమును తొలగించే మందు. సముద్రపు నీటిలోని ఇనుమును అది ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే చాలా కణాలకు ఇక అందదు. సీసాలను నీటి తొట్టెలో, పలుచని వల నీడన ఉంచాం.

ఇనుము కలిపిన సీసాలకూ, ఏమీ కలపనివాటికీ తేడా దాదాపు కనిపించలేదు. నైట్రేటు కలిపినవాటిలో మాత్రం కీటోసెరస్, స్కెలెటోనిమా అనే డయాటమ్‌ల గొలుసులు దట్టంగా పెరిగాయి. నదుల మట్టి చేరే మన తీరపు నీటిలో కొరత ఇనుముది కాదు, నైట్రేటుది. డెస్ఫెరాక్సమిన్ సీసాల్లో పెద్ద డయాటమ్‌లు వెనకబడి, చిన్న కణాలు నెట్టుకొచ్చాయి. పరిమాణంతో పోలిస్తే చిన్న కణానికి ఉపరితలం ఎక్కువ కాబట్టి, ఉన్న కాస్త ఇనుమూ దానికి సులువుగా అందుతుంది. పైగా కొన్ని డయాటమ్‌లు ఎలక్ట్రాన్లను మోసే, ఇనుము గల ప్రోటీను ఫెర్రెడాక్సిన్‌కు బదులు అది అక్కర్లేని ఫ్లేవొడాక్సిన్‌ను తయారుచేసుకుని గడుపుకుంటాయి. అయితే ఈ సీసాలను బిగ్ సర్ నీటికి నమూనాగా చూపడం నాకు సమ్మతం కాదు. మందు ఇనుమును ఒక్కసారిగా బిగించేస్తుంది, సముద్రంలో అది క్రమంగా తరిగిపోతుంది.

వైవాలో పరీక్షకులు, ఇనుము చల్లితే ఎక్కడైనా డయాటమ్‌లు పెరుగుతాయా అని అడిగారు. 2009లో భారత, జర్మనీ శాస్త్రవేత్తలు దక్షిణ మహాసముద్రంలో జరిపిన లోహాఫెక్స్‌ను ఉదాహరణగా చెప్పాను. అక్కడ ఇనుము చల్లినా నీటిలో సిలికా లేక డయాటమ్‌లు పెరగలేదు, తోకలాంటి పోగుతో ఈదే చిన్న ఫ్లాజెల్లేట్లే పెరిగాయి. “మరి మీ సీసాల్లో సిలికా కొలిచారా?” అన్నది ఆయన తర్వాతి ప్రశ్న. కొలిచిన పట్టిక తీసి ముందుంచాను.