ఏ సినిమాలోది అని అడిగారు: నా మొదటి పాట బయటికొచ్చిన వైనం

తెలుగులో ఎవరికైనా కొత్త పాట వినిపిస్తే మొదట వచ్చే ప్రశ్న "ఏ సినిమాలోది?" సినిమాలోది కాదు, నేనే రాసుకుని, బాణీ కట్టుకుని, లాప్‌టాప్‌లో సంగీతం చేసుకుని పాడానని చెబితే రెండో ప్రశ్న వస్తుంది: "మరి దేనికోసం చేశావ్?" మొదటిదానికి జవాబు సులువు. రెండోదానికి పాటే జవాబు చెప్పాలి. సినిమా పాటకు కథ ఉంటుంది, హీరో ఉంటాడు, థియేటర్ ఉంటుంది. ఒంటరిగా వచ్చే పాటకు అవేవీ ఉండవు. అందుకే దాని మాట, దాని మోత, దాని కాగితాలు అన్నీ దానివే అయ్యుండాలి. ఎలక్ట్రానిక్ పాప్‌లో నా మొదటి పాట బయటికి తెచ్చేసరికి నాకు బాగా తెలిసొచ్చింది ఇది. ఇదే ప్రయత్నంలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మాది వరంగల్ కొత్తవాడ. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, వర్ణాల దాకా వచ్చాను. చదువయ్యాక హైదరాబాద్‌లో ఆడియో పాఠాలు ఎడిట్ చేసే ఉద్యోగం. పగలంతా వేరేవాళ్ల గొంతులు శుభ్రం చేసి, రాత్రిపూట నా గొంతు పని చూసుకునేదాన్ని. సింథసైజర్ బేస్, డ్రమ్ మెషిన్, చెవి దగ్గర మాట్లాడుతున్నట్టుండే గొంతు: ఈ మూడూ కలిసిన సంగీతమంటే నాకు పిచ్చి.

మా సంగీతం టీచర్‌కు ఈ సంగతి చెప్పినప్పుడు ఆవిడ సూటిగా అడిగారు: "యంత్రమే వాయిస్తే అందులో నీదేముంటుందమ్మా?" 1982లోనే ముంబయిలో సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ గారు రోలాండ్ కంపెనీ డ్రమ్ మెషిన్, బేస్ మెషిన్ ముందు పెట్టుకుని పది రాగాలు రికార్డు చేశారని చెప్పి వినిపించాను. ఆవిడ రెండు రాగాలు పూర్తిగా విన్నారు. తర్వాత ఆకాశవాణి లలిత సంగీతం గురించి చెప్పడం మొదలుపెట్టారు. బాలాంత్రపు రజనీకాంతరావు గారి కాలంలో సినిమాతో సంబంధం లేని పాటలను జనం రేడియో పక్కన కూర్చుని నేర్చుకునేవాళ్లట. "సినిమా లేకుండా పాట బతకదని ఎవరన్నారు? మాట బాగుంటే బతుకుతుంది. నువ్వు ముందు మాట చూసుకో" అన్నారు. ఆ తర్వాత నేను చేసిన పనంతా ఆ ఒక్క మాట పట్టుకునే చేశాను.

సామాన్ల గురించి ఎక్కువ రాయను. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీలో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నాను. 10 వేల పైచిలుకు పెట్టి మైకును లాప్‌టాప్‌కు కలిపే ఫోకస్‌రైట్ ఆడియో ఇంటర్‌ఫేస్, ఇంకో చోట వాడిన కండెన్సర్ మైకు, 25 మెట్ల చిన్న మిడి కీబోర్డు తీసుకున్నాను. పాట తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఏబుల్టన్ లైవ్. కండెన్సర్ మైకుకు చెవులు మరీ ఎక్కువ. కుక్కర్ విజిల్, బోరు మోటారు, కింద వాటర్ ట్యాంకర్ రివర్స్ చేసే చప్పుడు అన్నీ పట్టేస్తుంది. నిజాంపేటలో నా గదికి స్టూడియో ఫోమ్ కొనే బదులు ఇంటి నుంచి కొత్తవాడ జంపఖానాలు తెప్పించుకున్నాను. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానాలు ఇవే. మందపాటి నూలు. గోడకు కొంచెం ఎడం వదిలి రెండు మడతలు వేలాడదీస్తే గది ప్రతిధ్వని బాగా తగ్గింది. బేస్ మోత మాత్రం వాటితో ఆగదు. గొంతు రికార్డింగ్‌కు అదేమంత ఇబ్బంది కాదు. ఫ్యాన్ ఆపి, రాత్రి 11 దాటాక పాడేదాన్ని.

అసలు కష్టం మాటల దగ్గర వచ్చింది. నేను అప్పటిదాకా విన్న ఎలక్ట్రానిక్ పాప్ ఎక్కువగా ఇంగ్లిష్‌ది. ఆ బాణీల అచ్చులో తెలుగు పోస్తే పదాలు విరిగిపోతున్నాయి. దీర్ఘం ఉండాల్సిన చోట హ్రస్వం, ఒత్తు పడాల్సిన చోట తేలిపోవడం. పాట అర్థమవుతుంది కానీ అది మన నోటి మాటలా ఉండదు. అప్పుడు ఇంటర్ తెలుగులో చదివి వదిలేసిన గురువు (రెండు మాత్రల అక్షరం), లఘువు (ఒక మాత్ర అక్షరం) మళ్లీ పట్టుకున్నాను.

నా పాట నిమిషానికి 112 బీట్ల వేగం. ప్రతి బీటుకూ ఒక కిక్, అంటే లోతైన డ్రమ్ దెబ్బ, పడుతుంది. బీటుకు రెండు మాత్రలు అనుకుంటే నాలుగు మాత్రల పదం రెండు కిక్‌ల మీద కూర్చుంటుంది. "వెన్నెల" తీసుకోండి. "వెన్" మొదటి కిక్ మీద, "నెల" రెండో కిక్ మీద. "చీకటి" కూడా అంతే. ఇలాంటి పదాలు వరసగా వేస్తే మధురగతి రగడ అనే ఛందస్సు నడక వచ్చేస్తుంది, పాదానికి 16 మాత్రలు, సరిగ్గా రెండు బార్లు (నాలుగు బీట్లు ఒక బార్). ఇక "నిశీథి" చూడండి. అదీ నాలుగు మాత్రలే. కానీ లఘువుతో మొదలై "శీ" దగ్గర సాగుతుంది కాబట్టి రెండో కిక్ ఆ దీర్ఘం మధ్యలో పడుతుంది. ఛందస్సు తెలిసినవాళ్లు దీన్ని ఎదురు నడక అంటారు, పద్యంలో అతిగా వాడొద్దంటారు. డాన్స్ బీటు మీద మాత్రం ఒంట్లో ఊపు తెచ్చేది అదే. పల్లవి అంతా నిలకడగా నడిపించి, చివరి పాదంలో ఎదురు నడక పదం ఒక్కటి పెట్టాను. ఆ చోట వినేవాళ్ల తల తనంతట తానే కదులుతుంది. ఈ ఒక్క పాదం కోసం నోట్‌బుక్ పేజీలు నిండిపోయాయి. ఆ శ్రమంతా నాకు ఇష్టమైన శ్రమ.

ఇంకొకటి గమనించాను. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. పాదం చివర గొంతు తెరుచుకునే ఉంటుంది. అక్కడ శబ్దాన్ని మళ్లీ మళ్లీ పలికించే డిలే ఎఫెక్ట్ పెడితే ఆ అచ్చు ఒకదాని వెనక ఒకటిగా పూస్తూ వెళ్తుంది. అలాగని ప్రతి పాదానికీ పెట్టకూడదు, తర్వాతి మాట వినపడదు. పల్లవి ఆఖరున మాత్రమే వాడాను. "భ", "ఫ" లాంటి ఒత్తక్షరాలు మైకును ఊదేస్తాయి. మైకు ముందు ఊపిరిని ఆపే పాప్ ఫిల్టర్ ఉన్నా చాలలేదు, మైకును నోటికి కొంచెం పక్కకు తిప్పి పాడితే తగ్గింది.

మాట కుదిరాక మోత. ఇంటర్నెట్‌లో రాయల్టీ లేని లూపులు, అంటే మళ్లీ మళ్లీ మోగించుకునే రెడీమేడ్ సంగీతం ముక్కలు, కొల్లలుగా దొరుకుతాయి, చౌక కూడా. చిక్కేమిటంటే అదే లూపును ఇంకో వందమంది వాడి ఉంటారు. వాళ్లలో ఎవరైనా తమ పాటను యూట్యూబ్‌లో పాటలను పోల్చి పట్టుకునే కంటెంట్ ఐడీలో ముందే నమోదు చేసుంటే మన పాట తమదేనని క్లెయిమ్ పడుతుంది. తెలిసిన ఒకమ్మాయికి ఇలాగే అయింది. లైసెన్స్ కాగితం చూపించి విడిపించుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అందుకే నా చప్పుళ్లు నేనే పట్టుకోవాలనుకున్నాను.

మా వీధిలో మగ్గం చప్పుడు వింటూ పెరిగిన దాన్ని. దసరాకు ఇంటికి వెళ్లినప్పుడు పక్కింటి పెదనాయన దగ్గర కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. ఆయన "మగ్గం సప్పుడుతోని పాటేందే?" అని ఆశ్చర్యపోయాడు, కానీ నేను చాలనేదాకా నేస్తూనే ఉన్నాడు. గదికొచ్చి ఆ రికార్డింగ్‌ను తెరమీద పెద్దది చేసి చూస్తే ఒక్కో దెబ్బలో మూడు ముక్కలున్నాయి: కర్ర తగిలే టక్కుమనే శబ్దం, నూలు బిగిసే మెత్తని మోత, చివర కాలి తొక్కుడు కిర్రు. మొదటిదాన్ని హై హ్యాట్ (డ్రమ్స్‌లో సన్నగా మోగే తాళం) స్థానంలో పెట్టాను. రెండోదాన్ని కిందకి పిచ్ చేసి క్లాప్‌తో కలిపాను. కిర్రును వెనక్కి తిప్పి పల్లవికి ముందు ఊపిరిలా వాడాను. బీటుకు సరిగ్గా అతికించకుండా పెదనాయన చేతి వేగంలోని కొద్దిపాటి తేడాను అలాగే ఉంచాను. టీచర్ గారు అడిగిన "నీదేముంటుంది" అన్నదానికి నా దగ్గరున్న గట్టి జవాబు ఆ తేడాయే.

మిక్సింగ్ ఒక స్నేహితుడి సాయంతో చేశాను. డబ్బులు ఇవ్వలేనని చెప్పి, రికార్డింగ్ ఆదాయంలో అతని వాటా ఎంతో మొదలుపెట్టే రోజే కాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు చేశాం. స్నేహం దారి స్నేహానిది, లెక్క దారి లెక్కది. మొదటి మిక్స్ అమ్మకు పంపితే ఆమె ఫోన్ స్పీకర్‌లో విని "గా దబదబ సప్పుడుల నీ గొంతు ఇనవడ్తలేదు బిడ్డా" అంది. ఫోన్ స్పీకర్ లోతైన బేస్‌ను పలికించదు, అందులో వినపడేది కిక్ పైభాగమే. మన జనంలో చాలామంది వినేది ఫోన్‌లోనే. కిక్ పైభాగాన్ని తగ్గించి, బేస్‌కు కొంచెం శాచురేషన్ కలిపి పై స్వరాలు పలికేలా చేశాం. అప్పుడు చిన్న స్పీకర్‌లోనూ బేస్ ఉన్నట్టు తెలిసింది, గొంతుకు చోటు దొరికింది. మోత మరీ పెంచలేదు. స్పాటిఫై అన్ని పాటలనూ దాదాపు మైనస్ 14 లఫ్స్ (మోత కొలత) దగ్గరికి సర్దేస్తుంది కాబట్టి నలిపి పెంచినా లాభం లేదు.

విడుదల అంటే అప్‌లోడ్ బటన్ నొక్కడం అనుకునేవాళ్లు చాలామంది. మనం నేరుగా స్పాటిఫైకి పంపలేం, మధ్యలో పాటను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ కావాలి. వేవ్ ఫైలు, 3000 పిక్సెళ్ల చదరపు కవర్ బొమ్మ, రాసినవాళ్ల పూర్తి పేర్లు, భాష తెలుగు అని గుర్తు పెట్టడం, ఇవన్నీ అడుగుతారు. ప్రతి రికార్డింగ్‌కూ దాన్ని గుర్తుపట్టే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ వస్తుంది. దాన్ని రాసి దాచుకోండి, తర్వాత డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా అదే కోడ్ ఇస్తే పాట లెక్క పోదు. విడుదల తేదీని నెల రోజులు ముందుకు పెట్టుకున్నాను. స్పాటిఫై ప్లేలిస్టుల ఎడిటర్లకు పాటను కనీసం 7 రోజుల ముందు పంపడం మంచిది, విడుదలయ్యాక పంపే వీల్లేదు.

ఇంత చూసుకున్నా విడుదల రోజు ఒక యాప్‌లో నా పాట నా పేరే ఉన్న వేరే గాయని పేజీలో తేలింది. ఆవిడ భక్తి గీతాలు పాడతారు. ఆవిడ శ్రోతలకు పొద్దున్నే మగ్గం చప్పుడుతో డాన్స్ పాట వచ్చింది. ఆ రోజంతా టెన్షన్. నా ఆర్టిస్ట్ పేజీ లింకు, ఆవిడ పేజీ లింకు, ఐఎస్‌ఆర్‌సీ మూడూ పెట్టి డిస్ట్రిబ్యూటర్‌కు మెయిల్ చేస్తే కొన్ని రోజులకు సరిచేశారు. పేరు ఖాయం చేసుకునే ముందు అన్ని యాప్‌లలో వెతికి చూసుకోవడం మంచిది. నేను ఇప్పుడు ఇంటిపేరు కూడా కలిపి వాడుతున్నాను.

పాట కొంచెం తిరగడం మొదలయ్యాక ఒక సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. ఒకేసారి కొంత సొమ్ము ఇస్తాం, పాట మీద సర్వహక్కులూ శాశ్వతంగా మావి అన్నారు. ఒప్పందం కాగితం పంపితే మూడుసార్లు చదివాను. పాటలో రెండు ఆస్తులుంటాయని ఇక్కడ అందరం గుర్తుపెట్టుకోవాలి. రాసిన మాట, కట్టిన బాణీ ఒకటి. రికార్డింగ్ మరొకటి. మాటా బాణీ మీద హక్కు మన జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు ఉంటుంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక, రచయిత, స్వరకర్త తమ హక్కును వేరొకరికి ఇచ్చినా రాయల్టీలో సమాన వాటాను వదులుకుంటూ రాసిచ్చే వీల్లేదు. ఈ మాట మర్యాదగా చెప్పి, ఆ షరతు తీసేయమన్నాను. మళ్లీ ఫోన్ రాలేదు. పాట నా దగ్గరే ఉంది. ఆ తర్వాత రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్‌ఎస్‌లో రచయితగా, స్వరకర్తగా సభ్యత్వం తీసుకుని పాటను నమోదు చేశాను. రేడియోలో, వేదికల మీద, స్ట్రీమింగ్‌లో పాట వాడినందుకు రావాల్సింది ఆ దారిన వస్తుంది. డిస్ట్రిబ్యూటర్ దారిన వచ్చే డబ్బు రికార్డింగ్‌ది. రెండూ వేర్వేరు.

డబ్బు సంగతీ దాచను. 2024 నుంచి స్పాటిఫైలో గడిచిన 12 నెలల్లో 1,000 సార్లు వినబడని పాటకు రాయల్టీ లెక్కకట్టరు. నా పాట ఆ గీత దాటింది. అయినా దాంతో ఇంటద్దె కట్టే రోజు దూరంగానే ఉంది, ఉద్యోగం మానలేదు. మానమని ఎవరికీ చెప్పను.

వేదిక మీద పాడటానికి మొదట వెళ్లింది బంజారాహిల్స్‌లోని లామకాన్ ఓపెన్ మైక్‌కి. లాప్‌టాప్ చూడగానే "ట్రాక్ వేసి పాడతారేమో" అన్న అనుమానం జనం ముఖాల్లో కనిపిస్తుంది. అందుకని ఏదీ ముందే మోగించలేదు. మైకులో షడ్జం పట్టి లూప్ చేశాను, దాని మీద పంచమం, దాని మీద మగ్గం దెబ్బలు ప్యాడ్‌లతో చేత్తో వాయించాను. కిక్ వచ్చేసరికి ఆ పాట ఎలా తయారవుతోందో వాళ్ల కళ్లముందే ఉంది. అయ్యాక ఒకతను టీ గ్లాసు పట్టుకుని వచ్చి అడిగాడు: "మేడమ్, ఆ చప్పుడు మగ్గమే కదా? మరమగ్గం కాదు, చేమగ్గం. మాది సిరిసిల్ల." ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టాడు. నాకొచ్చిన మెచ్చుకోళ్లలో దానికి మించింది లేదు.

ఇప్పుడు రెండో పాట మీదున్నాను. గురజాడ ముత్యాల సరాల్లో ఉండే 3+4 మాత్రల నడకను ఏడు మాత్రల బార్‌లో కూర్చోబెట్టి, కిక్‌ను ఒకటో మాత్ర మీద, నాలుగో మాత్ర మీద మాత్రమే వేస్తున్నాను. సాఫ్ట్‌వేర్‌లో 7/8 అని మార్చడం క్షణం పని. నాలుగు బీట్లకు అలవాటు పడ్డ కాళ్లు దానికి ఎలా స్పందిస్తాయో జనం మధ్యలోనే తేలాలి. అందుకే ఈసారి రికార్డింగ్ పూర్తి చేయకముందే పల్లవి ఒక్కటీ ఓపెన్ మైక్‌లో పాడి చూస్తాను. సిరిసిల్ల అతనికి కూడా కబురు పెట్టాను.