పాట అయిపోతే ఆర్మ్ లేవాలి కదా: ఒక రికార్డ్ చేంజర్ రిపేరు

హన్మకొండలో పెద్దబాపు వాళ్ళ పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు బీరువాకు, దివాన్‌కు పోటీ పడ్డారు గానీ రికార్డ్ చేంజర్‌ను ఎవరూ అడగలేదు. అట్లా అది నా ఇంటికి చేరింది. చేంజర్ చూడని వాళ్ళ కోసం రెండు ముక్కలు: నడుమ ఉండే పొడుగు కడ్డీకి ఐదారు గ్రామఫోన్ రికార్డులు గుచ్చి పెడతాం. ఒకటి అయిపోగానే ముల్లు ఉండే చెయ్యి, అంటే ఆర్మ్, తనే లేచి పక్కకు తప్పుకుంటుంది, పైనుంచి ఇంకోటి దబ్బున పడుతుంది, ఆర్మ్ వచ్చి దాని అంచు మీద వాలుతుంది. ఇందులో చిప్ లేదు, రెండో మోటారు కూడా లేదు. రికార్డు కింద తిరిగే ప్లేటును తిప్పే మోటారే ఈ పనంతా చేస్తుంది.

మాది పాడటానికి పాడుతుంది. పాట అయ్యాక మాత్రం ముల్లు చివరి గాడిలోనే తిరుగుతూ ఉండిపోతుంది. పాటను మధ్యలో ఆపి తర్వాతి రికార్డుకు పంపే రిజెక్ట్ మీట నొక్కితే ఆర్మ్ కాస్త లేచి మధ్యలో ఆగుతుంది, మోటారు మూలుగుతుంది.

వరంగల్ మట్టెవాడలో ఒకప్పుడు వాల్వు రేడియోలు బాగు చేసిన పెద్దాయన ఉన్నాడంటే తీసుకెళ్ళాను. ఆయన కిందికి వంగి చూసి, "చేంజింగ్ తీసేస్తా బిడ్డా, చేత్తోని పెట్టుకో. ఏం రంది ఉండది" అన్నాడు. ఆయన్ను తప్పుపట్టను, స్పేర్లు దొరకని మిషన్‌కు అది సులువైన వైద్యమే. కానీ చేంజర్‌లోంచి చేంజింగ్ తీసేస్తే ఇంకేం మిగిలింది? "నేనే విప్పి చూస్తా కాకా" అంటే నవ్వాడు. "చూడు మరి. గ్రీజంత కడుగు. ట్రిప్పు కాడ మాత్రం చుక్క నూనె గూడ పొయ్యకు" అన్నాడు. రిపేరు మొత్తానికి పనికొచ్చిన మాట అదొక్కటే.

ప్లగ్ పీకి, కడ్డీ మొదట్లో ఉన్న సర్‌క్లిప్ (ప్లేటును పట్టి ఉంచే రింగు) తీస్తే ప్లేటు పైకి వచ్చింది. దాని కింద వాషర్ల మధ్య చిన్న స్టీలు బాల్స్ ఉంటాయి, అవి దొర్లిపోకుండా కింద తెల్లగుడ్డ పరుచుకోవడం మంచిది. ఏ స్ప్రింగ్ ఏ కొక్కేనికి ఉందో ముందే ఫోన్లో ఫొటోలు తీసుకున్నాను.

అసలు సంగతంతా ప్లేటు కింద ఉన్న పెద్ద పళ్ళచక్రంలో ఉంది. దాని అంచున ఒకచోట పళ్ళుండవు. పాట సాగుతున్నంతసేపూ ఆ ఖాళీ ప్లేటు పళ్ళ ఎదురుగా ఉంటుంది కాబట్టి చక్రం కదలదు. చక్రం మీద గోరంత రేకు ఒకటి వదులుగా ఊగుతుంటుంది. ట్రిప్పు అంటే అదే. ఎల్పీలో, అంటే ఎక్కువ పాటలు పట్టే పెద్ద రికార్డులో, ముల్లు ఒక్క చుట్టుకు లోపలికి జరిగేది మిల్లీమీటరులో దాదాపు పదో వంతు. ఆ మేరకు ఆర్మ్ ఆ రేకును ముందుకు నెడుతుంది, ప్లేటు కింద ఉన్న చిన్న బొడిపె చుట్టుచుట్టుకూ దాన్ని వెనక్కి తోసేస్తుంది. పాట అయ్యాక వచ్చే వెడల్పు గాడిలో ముల్లు ఒక్క చుట్టులోనే మిల్లీమీటర్ల కొద్దీ దూకుతుంది. అప్పుడు రేకు బాగా ముందుకొచ్చి బొడిపెకు అడ్డం పడుతుంది. బొడిపె దాన్ని తన్ని చక్రాన్ని కదిలిస్తుంది, పళ్ళు కలుస్తాయి. చక్రం ఒక్క చుట్టు తిరిగేలోగా ఆర్మ్ లేవడం, రికార్డు పడటం, ఆర్మ్ వాలడం అన్నీ అయిపోతాయి. పాట అయిపోయిందని వేగాన్ని బట్టి కనిపెట్టే ఈ ఉపాయం ఆలోచించినవాడికి దండం పెట్టాలి.

ఆ రేకు ఈకంత తేలిగ్గా ఊగాలి. మా దాంట్లో పాత గ్రీజు ముదిరిన బెల్లంపాకంలా గట్టిపడి దాన్ని కరిచిపట్టుకుంది. గారార్డ్ కంపెనీదైనా, బీఎస్ఆర్ కంపెనీదైనా, ఈ వయసు చేంజర్లకు మామూలుగా వచ్చే జబ్బే ఇది. పార్టు విరిగిందేమోనని భయపడ్డాను గానీ ఏదీ విరగలేదు.

ఫోన్ రిపేరు షాపులో బోర్డులు కడిగే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) దొరుకుతుంది, ఒక సీసా తెచ్చాను. గాసునూనెతో కూడా గ్రీజు పోతుంది గానీ జిడ్డు పొర మిగులుతుంది, ట్రిప్పుకు అదే చేటు. పాత టూత్‌బ్రష్, అగ్గిపుల్లలు పెట్టి గోకుతుంటే పసుపుపచ్చటి మైనం ముక్కలు ముక్కలుగా ఊడింది. చివరికి చట్రాన్ని కాస్త వంచితే చాలు, రేకు తన బరువుకు తానే అటూ ఇటూ పడుతోంది. దాన్ని ఎండుగానే వదిలేశాను. పళ్ళచక్రం గాడికి పలచగా కొత్త గ్రీజు, మోటారు బుష్‌లకు ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె. అంతకుమించి ఎక్కడా పెట్టలేదు.

మోటారును మోసే రబ్బరు గ్రోమెట్లు (మెత్తటి రింగులు) రాయిలా తయారై, మోటారు గుర్రుమనేది స్పీకర్లో కూడా వినిపించేది. స్టేషన్ రోడ్డులో ఒక ఆటో స్పేర్ల షాపులో ఆ సైజువి దొరికాయి. ప్లేటును తిప్పే రబ్బరు చక్రం అంచును జీరో నంబర్ ఎమ్రీ పేపర్‌తో రుద్ది గరుకు చేశాను.

స్పీడు చూసుకోవడానికి చుట్టూ 180 గీతలున్న గుండ్రటి కాగితం (స్ట్రోబ్ కాగితం అంటారు) ప్రింట్ తీసి ప్లేటు మీద పెట్టాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత చోక్ ట్యూబ్‌లైట్ సెకనుకు వందసార్లు మినుకుతుంది. ఆ వెలుతురులో గీతలు నిలబడ్డట్టు కనిపిస్తే స్పీడు సరిగ్గా నిమిషానికి 33⅓ చుట్లు. ఎల్ఈడీ బల్బులు చాలావరకు దీనికి పనికిరావు. అమెరికా నుంచి చేంజర్ తెప్పించుకునే ఆలోచన ఉన్నవాళ్ళు ఒకటి చూసుకోండి: అక్కడ 60 హెర్ట్జ్ కాబట్టి పుల్లీ మార్చకపోతే ఇక్కడ 33⅓ కాస్తా 28 దగ్గరికి పడిపోతుంది, పాట ఏడుపులా వినిపిస్తుంది. వోల్టేజీ సంగతి సరేసరి.

ఇక మిగిలింది ఆర్మ్ ఎక్కడ వాలాలన్నది. పన్నెండంగుళాల రికార్డు మీద అంచు దాటి పాట మొదట్లో పడేది. ఆర్మ్ మొదట్లో ఉన్న చిన్న స్క్రూను పావు చుట్టు తిప్పితే సరిపోయింది. అయితే మూడు సైజులకూ అదొక్కటే స్క్రూ. పన్నెండుకు సరిచేస్తే ఏడంగుళాల రికార్డుకు ముల్లు ఒక్కోసారి బయట పడుతోంది. మా ఇంట్లో ఎక్కువ ఎల్పీలే కాబట్టి అట్లాగే ఉంచాను. ఒకేసారి మూడుకు మించి పేర్చను. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులను మాత్రం అసలు పేర్చను. లక్కవి కదా, పడితే పగులుతాయి.