బేస్‌బాల్ మైదానంలో క్రికెట్

డాలస్ వెళ్తే బేస్‌బాల్ చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. మా బావమరిది మాత్రం "అది తెమలదు బావా, మన ఆటే చూద్దాం" అని గ్రాండ్ ప్రెయిరీలో ట్వంటీ20కి టికెట్లు తీశాడు. డాలస్ నగర రైలు డార్ట్ ఆ ఊరికి పోదు కనుక కారే గతి. దారిలో ఒక దుకాణంలో మంచినీళ్ళ సీసా ధరను రూపాయల్లోకి మార్చి చూసుకొని, నీళ్ళు పొదుపుగా తాగాను.

నేను పట్టుబట్టడంతో కారును ఆర్లింగ్టన్ మీదుగా పోనిచ్చాడు. అక్కడ రేంజర్స్ బేస్‌బాల్ స్టేడియంలో సుమారు 40 వేల మంది కూర్చోవచ్చు. దగ్గరలోనే ఉన్న కౌబాయ్స్ ఫుట్‌బాల్ (మనకు తెలిసిన సాకర్ కాదు, బంతిని చేత పట్టి పరుగెత్తే అమెరికన్ ఆట) స్టేడియంలో 80 వేల మంది పడతారు. అమెరికన్ల అభిప్రాయాలు సేకరించే గాలప్ సర్వేలో 1948లో బేస్‌బాల్‌ను ఇష్టమైన ఆటగా చెప్పినవారు 39 శాతం, ఫుట్‌బాల్‌ను చెప్పినవారు 17 శాతం. 2023లో ఫుట్‌బాల్‌కు 41, బేస్‌బాల్‌కు 10 మాత్రమే. రేంజర్స్ బేస్‌బాల్‌లో అతిపెద్ద టైటిల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచిన సంవత్సరమే అది!

గ్రాండ్ ప్రెయిరీ మైదానం కూడా 2008లో బేస్‌బాల్ కోసం కట్టినదే. పసుపు జెర్సీల మధ్య నా పక్కన కూర్చున్న తెల్లజుట్టు పెద్దాయన, ఎయిర్‌హాగ్స్ అనే బేస్‌బాల్ జట్టు ఆడే రోజుల్లో ఇక్కడికి వచ్చేవారట. బేస్‌బాల్‌లో ఒక్కో జట్టుకు సీజన్‌లో 162 ఆటలు, ఫుట్‌బాల్‌లో 17 ఆటలే కనుక, ఫుట్‌బాల్‌లో ప్రతి ఆటా ఒక పండుగ అయిందని ఆయన లెక్క. 2023లో బంతి విసిరేవాడికి గడువు పెట్టి సగటు ఆటను 2 గంటల 40 నిమిషాలకు కుదించినా ఆయన కోపం తగ్గలేదు. గడియారం లేకపోవడమే ఆ ఆటకు అందమన్నారు. రేడియో చెవికి ఆనించుకొని టెస్టు మ్యాచ్‌లు విన్న నాకు ఆ బాధ కొత్తది కాదు. ఆ సాయంత్రం మా క్రికెట్ మూడు గంటలు దాటిందని బావమరిదికి గుర్తుచేశాను, విననట్టే ఊరుకున్నాడు.

క్రికెట్ ఇక్కడ కొత్త కాదని, 1844లోనే న్యూయార్క్‌లో అమెరికా, కెనడా జట్లు తలపడ్డాయని చెబితే పెద్దాయన నమ్మలేదు. 1860లలో అమెరికా అంతర్యుద్ధ కాలంలో పిచ్ చదును చేసుకోవలసిన పనిలేని బేస్‌బాల్ సైనికులకు సులువై, క్రికెట్ వెనకబడిందని వివరించాను. ఆయన ఫోన్ తీసి సరిచూసుకొని, తరువాతి ఓవర్ నుంచి ప్రతి బంతికీ ప్రశ్న వేయసాగారు. ఎల్‌బీడబ్ల్యూ దగ్గర మాత్రం ఇద్దరమూ చేతులెత్తేశాము.