గరిక పని

నాలుగేళ్లుగా దుబాయ్‌లో ఒక గోల్ఫ్ కోర్సులో పని చేస్తున్నాను. ఊళ్లో ఎవరైనా అడిగితే అమ్మ "మావాడు గడ్డి కోస్తాడు" అంటుంది. అబద్ధమేమీ కాదు.

ఆ గడ్డి మన గరికే. వినాయకుడికి పెడతామే, దాని హైబ్రిడ్ రకం. ఇక్కడ బెర్ముడా అంటారు. పొలంలో ఎంత పీకినా చావదు కదా, గ్రీన్ మీద, అంటే బంతిని గుంటలోకి దొర్లించే చోట, మూడు మిల్లీమీటర్ల ఎత్తుకు కోసి దాన్ని బతికించడానికి ఇంతమందిమి!

ఎండ దానికి లెక్క కాదు, ఉప్పుతోనే తంటా. పారించేది శుద్ధి చేసిన మురుగునీరు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు వేళ్ల దగ్గర మిగిలిపోతుంది. అందుకే మిషన్‌తో బెజ్జాలు పొడిచి, ఇసుక చల్లి, అప్పుడప్పుడు అవసరానికి మించి నీళ్లు పెట్టి ఉప్పును కిందికి దింపేస్తాం.

మొన్న జూలైలో ఏడో గ్రీన్ అంచున జానెడు మేర గడ్డి నీలంగా తిరిగింది. కాలు పెట్టి తీస్తే అడుగు ముద్ర అలాగే ఉండిపోయింది. దాహమన్నమాట. కొంచెం తవ్వి చూస్తే పైన తడి, రెండంగుళాల కింద పొడి ఇసుక. స్ప్రింక్లర్ తిప్పితే చుట్టూ చిత్తడే. అందుకని పైపు పట్టుకుని ఆ మచ్చ ఒక్కదాన్నే తడిపాను. మర్నాటికి తేరుకుంది, టెన్షన్ తగ్గింది.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు. మేం తెల్లవారుజామున నాలుగింటికే మొదలుపెడతాం.

నిన్న అమ్మ ఫోన్ చేసింది. చేలో గరిక తీయడానికి కూలీలు దొరకట్లేదట.