రీగాలో ఒక 'పసక' వెంట

దౌగవ నది మీది రాతి వంతెన దాటుతుంటే అవతలి గట్టున గాజు కొండ కనిపించింది. అదే లాత్వియా జాతీయ గ్రంథాలయం. వాళ్ల జానపద కథలో రాకుమారి గాజు కొండ కొమ్మున ఉంటుంది. ముగ్గురన్నదమ్ముల్లో, ఎందుకూ పనికిరాడనుకున్న చిన్నవాడే గుర్రం మీద అక్కడికి చేరతాడు. భవనానికి ఆ కొండ పోలికే పెట్టుకున్నారు. 2014 జనవరి 18న, నడి చలికాలంలో, సుమారు 14 వేల మంది వరుసగా నిలబడి పాత గ్రంథాలయం నుంచి ఇక్కడికి పుస్తకాలు చేతుల మీదుగా అందించుకున్నారట. కథలంటే అంత ప్రాణం వాళ్లకి.

లోపల పిల్లల పుస్తకం ఒకటి తీశాను. అట్ట మీద 'పసకు గ్రామత' అని ఉంది. లాత్వియన్ భాషలో గ్రామత అంటే పుస్తకం. పసక అంటే రాజులూ, మాయలూ, మాట్లాడే జంతువులూ ఉండే కథ. 'కు' చూడగానే చతుర్థీ విభక్తి అనుకున్నాను. కాదట! అక్కడున్న లైబ్రేరియన్ ఓపిగ్గా కాగితం మీద రాసి చూపించారు. ఇక్కడ 'పసకు' అంటే 'కథల'. విడిగా ఒక్క కథనే చెప్పాల్సి వస్తే 'కథని' అనడానికీ అదే రూపం. మన 'కథకు' వాళ్లకి 'పసకై'. 'కథ యొక్క' అన్నా, 'కథలు' అన్నా 'పసకస్'. పైగా ఈ మాట స్త్రీలింగం. అందమైన కథ అంటే 'స్కైస్త పసక', విశేషణం కూడా స్త్రీలింగంలోనే.

నా మనసు దోచింది మాత్రం 'కథలో' అనే రూపం. ప్రత్యయం వేరే ఏమీ లేదు, చివరి అచ్చుకి దీర్ఘం ఇస్తే చాలు: పసకా. తెలుగు చెవికి ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. దీర్ఘం లేకపోతే కథ బయట ఉంటాం, ఉంటే లోపల ఉంటాం అన్నంత తేలిక!

ఈ మాట 'పసత్సీత్' అనే క్రియ నుంచి వచ్చింది. అంటే చెప్పడం. పక్క దేశం లిథువేనియాలోనూ కథ పసకే. మన 'కథ'కీ చెప్పడమనే అర్థమున్న సంస్కృత ధాతువే మూలం. చెప్పినదే కథ, అక్కడా ఇక్కడా.

అక్కడ జనం కానుకగా ఇచ్చిన పుస్తకాల అల్మరా ఒకటుంది, అంతస్తుల ఎత్తున. ఇచ్చేవాళ్లు మొదటి పేజీలో తమ మాట రాయాలి. దానికోసమే ఇంటి నుంచి తెచ్చిన పిల్లల కథల పుస్తకం తీసి, తెలుగు లిపిలోనే 'పసకు గ్రామత' అని రాశాను. ఆ లైబ్రేరియన్ చదివి వినిపించమన్నారు. చదివాను.

"మొదటి అక్షరం నొక్కి పలకండి," అన్నారు. మళ్లీ చదివాను.