చెయ్యి ముందు, నాదం తర్వాత

ఆదివారం కదా, పొద్దున్న ఏడింటికే పిల్లలు దిగిపోయారు. సత్యనారాయణపురంలో మా ఇంటి ముందుగది చిన్నది. అందరూ వయొలిన్లు తీసి కూర్చుంటే ఒకరి కమాను ఇంకొకరి మోచేతికి తగులుతుంది. ఇవాళ జంట స్వరాలు. మొదటి కాలం బుద్ధిగానే వాయించారు. రెండో కాలానికి, అంటే రెట్టింపు వేగానికి, వచ్చేసరికి ఎవరి పరుగు వాళ్ళదే. "నా చెయ్యి చూడరా" అన్నాను చిన్నవాడితో. "చెయ్యి చూస్తే వేళ్ళు తప్పుతున్నాయి టీచర్" అన్నాడు. వాడు చెప్పింది అబద్ధమేం కాదు.

పదిన్నరకి ఇల్లు ఖాళీ అయ్యింది. దొండకాయలు తరుగుతూ ఫోన్లో ఫిన్లాండ్ స్వరకర్త సిబేలియస్ ఆర్కెస్ట్రాకి రాసిన అయిదో సింఫనీ పెట్టుకున్నాను. ఈ అలవాటు నాకు అంటించింది మా అన్నయ్య కూతురు. అది షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటుంది. షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాకి మ్యూజిక్ డైరెక్టర్‌గా, అంటే ముందు నిలబడి చేత్తో వాద్యబృందాన్ని నడిపించే ప్రధాన కండక్టర్‌గా, క్లౌస్ మ్యాకెలా అనే కుర్రాణ్ణి ఎంపిక చేశారని 2024 ఏప్రిల్‌లో వార్త వచ్చినప్పుడు, "అత్తా, నీకు నచ్చుతాడు చూడు" అని వీడియోలు పంపింది. అప్పటికి అతనికి 28 ఏళ్ళు. 1891లో మొదలైన ఆ ఆర్కెస్ట్రాకి అంత చిన్న వయసు మ్యూజిక్ డైరెక్టర్ అంతకు ముందు లేడు. తమాషా ఏమిటంటే బాధ్యత తీసుకునేది మాత్రం 2027లో. అదే ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లో కాన్సర్ట్‌హెబౌ ఆర్కెస్ట్రాకీ అతనే చీఫ్ కండక్టర్ అవుతాడు. వాళ్ళయితే 2022లోనే మాట తీసేసుకున్నారు, మంచి సంబంధం చేజారిపోతుందేమోనని చదువు పూర్తికాకుండానే తాంబూలాలు పుచ్చుకున్నట్టు.

అతనిది హెల్సింకీ. పుట్టింది 1996లో. నాన్న చెల్లో (వయొలిన్ జాతిదే, పెద్దది) వాయిస్తాడు, అమ్మది పియానో. చిన్నప్పుడు ఫిన్లాండ్ జాతీయ ఒపెరాలో పిల్లల బృందంలో పాడేవాడు. అక్కడ కండక్టర్‌ని చూసి ఆ పని మీద మనసు పడ్డాడు. తనూ చెల్లో నేర్చుకుంటూనే, 12 ఏళ్ళకి హెల్సింకీ సంగీత కళాశాల సిబేలియస్ అకాడమీలో యోర్మా పానులా దగ్గర కండక్టింగ్‌కి చేరాడు.

ఈ పానులా గురించి చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. 1930లో పుట్టిన పెద్దాయన. ఎసా-పెక్కా సాలోనెన్, సకారి ఒరామో, సుసానా మల్కి అందరూ ఆయన శిష్యులే. దేశం మొత్తం కలిపి 55 లక్షల జనం, అందులోంచి ప్రపంచం నిండా కండక్టర్లు! ఆయన పద్ధతిలో దాపరికం ఏమీ లేదు. విద్యార్థిని నిజమైన వాద్యకారుల ముందు నిలబెడతాడు, వీడియో తీయిస్తాడు, తర్వాత కూర్చోబెట్టి చూపిస్తాడు. తను మాట్లాడేది తక్కువ. అద్దం ముందు చేతులు ఊపి నేర్చుకునే విద్య కాదిది. ఎదుట వాయించేవాళ్ళు లేకపోతే చెయ్యి తప్పుపడిందో లేదో ఎలా తెలుస్తుంది?

అందుకే అందరూ మ్యాకెలా వయసు గురించి ఆశ్చర్యపోతుంటే నాకు కాస్త విసుగే. నార్వేలో ఆస్లో ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాళ్ళు 2018లో ఎంచుకునేటప్పటికి అతనికి 22. అంటే పదేళ్ళ సాధన అయిపోయింది. పైగా ఇది కొత్తేం కాదు. మన జుబిన్ మెహతా 1962లో లాస్ ఏంజెలెస్ ఆర్కెస్ట్రా చేపట్టినప్పుడు 26 ఏళ్ళవాడే, అప్పటికే మాంట్రియల్ ఆర్కెస్ట్రా కూడా ఆయన చేతిలోనే ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళయితే 1895లోనే మెంగెల్‌బెర్గ్ అనే 24 ఏళ్ళ కుర్రాడికి పగ్గాలిచ్చారు.

నన్ను పట్టుకున్న సంగతి వేరే. నేను జీవితమంతా పక్కవాద్యం వాయించిన మనిషిని. మన కచేరీలో చెయ్యి తొడ మీద పడటం, దెబ్బ వినపడటం ఒకేసారి. ఎడుపు, అంటే పాట ఎత్తుకునే చోటు, తాళం దెబ్బతో కలిసినా, దానికి ముందో వెనకో పడినా తాళం మాత్రం తన చోటనే పడుతుంది. కండక్టర్ చెయ్యి అలా కాదు. అది నాదం కన్నా ముందు లేవాలి. ఎంత వేగంగా, ఎంత బలంగా, ఎంత మెత్తగా వాయించాలో అంతా ఆ లేవడంలోనే చెప్పెయ్యాలి. చెయ్యి కిందికి దిగేటప్పటికి చెప్పాల్సింది అయిపోయింది. మ్యాకెలా వీడియోల్లో నేను వెనక్కి తిప్పి తిప్పి చూసేది అదే. కర్ర లేవడానికి ముందు అతను ఊపిరి తీసుకుంటాడు, భుజాలు కొంచెం పైకి లేస్తాయి, ఎదురుగా వయొలిన్ల వాళ్ళ కమానులు కూడా ఆ ఊపిరితోనే తీగ మీదికి దిగుతాయి. వాళ్ళు చూస్తున్నది చెయ్యేనని నాకు అనిపించదు. పొద్దున్న మా చిన్నవాడు నా చెయ్యి చూడలేకపోయాడంటే నేనూ వాడికి ఊపిరి అందించి ఉండను.

ఒక్కోసారి అతను తాళం కొట్టడమే మానేస్తాడు. చేతులు దించి, తల కాస్త వంచి వింటూ నిలబడతాడు. గొప్ప గాయకులు తనియావర్తనానికి, అంటే మృదంగం ఒక్కటే వాయించే ఘట్టానికి, దాని వైపు తిరిగి కూర్చున్నప్పుడు మొహంలో కనపడే శ్రద్ధే అది.

అయిదో సింఫనీ మొదటి భాగంలో ఒక చోటుంది, అక్కడికి వచ్చేసరికి కత్తిపీట పక్కన పెట్టాను. నింపాదిగా మొదలైన సంగీతం ఎక్కడా ఆగకుండా, మలుపు తెలియకుండా వేగం పుంజుకుంటూ చివరికి ఉరకలేస్తుంది. 1915లో రాసినప్పుడు అవి రెండు వేరే భాగాలు. తర్వాత సిబేలియస్ వాటిని కలిపేసి, 1919 నాటికి ఇప్పుడున్న రూపానికి తెచ్చాడు. ఎత్తుకున్న కాలప్రమాణం, అంటే వేగం, చివరిదాకా చెదరకూడదని పెరిగిన చెవి నాది. అలాంటిది, కాలం కదులుతున్నా పరుగు అనిపించకుండా ఎలా చేశారో అని మళ్ళీ మళ్ళీ విన్నాను. ఆస్లో వాళ్ళతో మ్యాకెలా ఏడు సింఫనీలూ రికార్డు చేశాడు, డెక్కా అనే రికార్డింగ్ కంపెనీ వాళ్ళు 2022లో విడుదల చేశారు. అందులో ఈ చోటు నాకు చాలా ఇష్టం. చివర్లో ఆరు దెబ్బలుంటాయి, ఒక్కోదానికీ మధ్య నిశ్శబ్దం. అవతల హాల్లో ఎవరో ఒకరు తొందరపడి చప్పట్లు కొట్టేస్తుంటారట. ఆ విషయంలో మనమూ వాళ్ళూ ఒకటే.

సందేహం లేకపోలేదు. షికాగోకి ఏడాదికి కనీసం 14 వారాలు, ఆమ్‌స్టర్‌డామ్‌కి 12 వారాలు ఇవ్వాలి. ఆపైన అతిథిగా పిలిచే ఊళ్ళు. ఒక మనిషి ఇన్ని విమానాలు ఎక్కి దిగుతూ కొత్త స్వరపత్రాలు ఎప్పుడు చదువుతాడు? కొందరు విమర్శకులు అంటున్నదీ ఇదే: వెలుగు ఉంది, లోతు ఇంకా రావాలి అని. నాకూ కొన్ని రికార్డింగులు అందంగా సాగిపోయి, చెవిలో ఏదీ మిగలకుండానే అయిపోయాయి. కానీ ఇరవైల్లో నేను వాయించిన తోడి రాగం ఎవరైనా రికార్డు చేసి ఉంటే ఇప్పుడు వినే ధైర్యం నాకుండదు. అతను మాత్రం పెరగడమంతా లోకం ముందే పెరగాలి. ఆ టెన్షన్ మామూలుది కాదు.

సాయంత్రం మేనకోడలు ఫోన్ చేసింది. వాళ్ళకి అప్పుడే తెల్లవారింది.

"2027కి టికెట్ తీసేస్తా అత్తా, నువ్వు రావాల్సిందే. ముందు వరస తీయనా?"

"స్టేజీ వెనకాల సీట్లుంటాయట కదే, టెర్రస్ అని. అక్కడ తియ్యి."

"వెనకాలా? అక్కడ వాయించేవాళ్ళ వీపులే కనపడతాయి!"

"వీపులు కనపడనీ. అతని మొహం కనపడాలి నాకు. ముందు వరసలో కూర్చుంటే రెండు గంటలూ కోటు వెనక చూస్తూ కూర్చోవాలి."

అది పకపకా నవ్వింది. "సరే గానీ, టికెట్ సంగతి నేను చూసుకుంటా. నువ్వు ముందు వీసా స్లాట్ సంగతి చూడు. అది దొరకడమే కష్టం."